షాండ్లియర్ బిల్లు ఎవరు కట్టారు?

ఇస్తాంబుల్‌లో, టర్కీ సుల్తాన్ల డోల్మబాచె ప్యాలెస్‌లో దర్బారు హాలు దగ్గరికి వచ్చేసరికి మా అమ్మకు మోకాళ్ల నొప్పులు మొదలయ్యాయి. అప్పటికి రెండు గంటలుగా నడుస్తున్నాం. చెప్పుల మీద తొడుక్కోమని ఇచ్చిన ప్లాస్టిక్ కవర్లు నున్నటి చెక్క నేల మీద జారుతున్నాయని నా చెయ్యి వదలకుండా పట్టుకుంది. హాల్లో అడుగుపెట్టిన తర్వాత మాత్రం తనే వదిలేసి, తల పైకెత్తి అలాగే నిలబడిపోయింది.

"అబ్బో, ఏం ఝూమరే ఇది!"

36 మీటర్ల ఎత్తున్న గుమ్మటం నుంచి వేలాడే 4.5 టన్నుల గాజు దీపాల గుత్తి అది. 750 దీపాలు. కింద 56 స్తంభాలు. మా పక్కనే ఇంకో గుంపు నిలబడి ఉంది. వాళ్ల గైడు ఇంగ్లిష్‌లో, కొంచెం గర్వంగా, ఇది విక్టోరియా మహారాణి సుల్తాన్‌కి పంపిన కానుక అని చెప్తున్నాడు. డబ్బులివ్వకుండా విన్న మాట కదా, నేను వెంటనే అమ్మకు తెలుగులో చేరవేశాను.

అమ్మ కాసేపు ఆలోచించింది. "అంత పెద్దది ఊకెనే ఇచ్చిందా?"

ఆ రాత్రి హోటల్ గదిలో, ఆ మాట మనసులో నలుగుతుంటే, ఫోన్ తీసి చదవడం మొదలుపెట్టాను. ఎన్నో ఏళ్లు అందరూ దాన్ని విక్టోరియా కానుకే అనుకున్నారట. 2006లో దాని రసీదు దొరికింది. మొత్తం సొమ్ము చెల్లించి కొన్నట్టు అందులో ఉంది. పొద్దున టిఫిన్ దగ్గర అమ్మకు చెప్పాను, కానుక కాదట, కొన్నదేనట అని. ఆమె ఆలివ్ కాయలు పక్కకు జరుపుతూ (మూడు రోజులూ వాటిని పక్కకు జరుపుతూనే ఉంది) అడిగింది: "మరి పైసలు ఎవలియి?"

నాకు ఈ వ్యాసం రాయాలనిపించింది ఆ ప్రశ్న వల్లే. రాజభవనాన్ని మ్యూజియం చేసినప్పుడు బంగారాన్ని చూపిస్తే సరిపోదు, బిల్లు కూడా చూపించాలి. అదే బంగారం పక్కన, అదే వెలుగులో, అదే అద్దాల పెట్టెలో. ఎక్కడో ఆర్కైవ్స్‌లో పరిశోధకులకు అందుబాటులో ఉంటే చాలదు.

కానుక అనగానే

ముందు రోజే సుల్తాన్ల పాత ప్యాలెస్ తోప్‌కాపి చూసి వచ్చాం. అక్కడ ఖజానా గదుల్లో మూడు పచ్చలు పొదిగిన పిడిబాకు ఒకటుంది. ఇక్కడి సుల్తాన్ దాన్ని ఇరాన్ పాలకుడు నాదిర్ షాకి కానుకగా పంపితే, దూతలు దారిలో ఉండగానే 1747లో ఆయన్ని చంపేశారన్న వార్త వచ్చి, బాకు వెనక్కి వచ్చేసింది. నాదిర్ షా పేరు వినగానే మనకు 1739 నాటి ఢిల్లీ గుర్తొస్తుంది. ఆయన ఇటు పంపిన బంగారు సింహాసనం కూడా ఆ ప్యాలెస్‌లో భద్రంగా ఉంది. దాన్ని చూస్తున్నప్పుడు నాకు ఒక్కటే అనిపించింది. ఢిల్లీలో దోచిన సొత్తు ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారేసరికి దానికి కానుక అనే పేరు వచ్చేస్తుంది.

అందుకే షాండ్లియర్ కథ అంత తేలిగ్గా నమ్మేశాను. ఆ కథ అందరికీ బాగుంటుంది. ఇచ్చిన రాణి ఉదారంగా కనిపిస్తుంది, తీసుకున్న సుల్తాన్‌కి ఆమెతో సమానంగా గౌరవం వస్తుంది. మధ్యలో ఎవరి జేబూ ఖాళీ కాదు. రసీదు బయటపడితే మాత్రం సుల్తాన్ లండన్ సరుకు కొన్న ఒక ఖాతాదారు అయిపోతాడు. ఖాతాదారు అన్నాక డబ్బు ఎక్కడిదని అడగాల్సి వస్తుంది. రసీదు దొరికి ఇన్నేళ్లయినా ఆ గైడు పాత కథే చెప్తుండటానికి కారణం బద్ధకం ఒక్కటే కాదేమో. వినేవాళ్ల ముఖాలు ఏ కథకు వెలుగుతాయో ఆయనకు బాగా తెలుసు.

ఒక మాట ఒప్పుకోవాలి. ఆ రసీదు సంగతి బయటపెట్టింది వాళ్లే. కాగితం దొరికింది, దాచిపెట్టలేదు. నాలాంటి పరాయి టూరిస్టు వచ్చి కనిపెట్టిందేమీ లేదు. ఇస్తాంబుల్‌లోని ఒట్టమన్ (సుల్తాన్ల నాటి టర్కీ సామ్రాజ్యం) ఆర్కైవ్స్‌లో అలాంటి కాగితాలు కోట్లలో ఉన్నాయి. ఆ సామ్రాజ్యం లెక్కలు రాయడంలో ఎవరికీ తీసిపోలేదు. కాబట్టి చూపించడానికి కాగితాలు లేక కాదు.

నూరేళ్ల అప్పు

సుల్తాన్ అబ్దుల్ మెజీద్ 1843లో మొదలుపెట్టించిన ఈ భవనం 1856కి పూర్తయింది. కట్టినవాళ్లు బల్యాన్ కుటుంబం, ఆర్మేనియన్ వాస్తుశిల్పులు, గారబెత్, ఆయన కొడుకు నికొగొస్. 285 గదులు, 46 హాళ్లు, 6 హమామ్‌లు (స్నానశాలలు), 68 మరుగుదొడ్లు. ఈ చివరి అంకె వినగానే అమ్మ ఆగిపోయింది. "అరవై ఎనిమిదా? కడిగేటోళ్లు ఎంతమంది ఉండెనో!" రెండు గంటల్లో ఆ భవనం గురించి నేను విన్న ప్రశ్నల్లో ఇదే సరైనది. నా చెవిలోని ఆడియో గైడ్ నేను విన్నంతలో దీనికి జవాబు చెప్పలేదు. పైకప్పుల మీది బంగారు రేకు 14 టన్నులని మాత్రం చెప్పింది.

ఖర్చు 50 లక్షల బంగారు లీరాలు, అంటే సుమారు 35 టన్నుల బంగారం అంటారు. సరిగ్గా ఆ భవనం లేస్తున్న రోజుల్లోనే, 1854లో, ఒట్టమన్ ప్రభుత్వం మొట్టమొదటిసారి విదేశీ అప్పు తీసుకుంది. మరుసటి ఏడాది ఇంకోటి. ఆ తర్వాత అప్పు తీర్చడానికి అప్పు. మన ఊళ్లలో చేతిబదులుతో మొదలై పొలం కాగితాల దాకా వెళ్లే దారే అది. 1875 వచ్చేసరికి వడ్డీ కూడా పూర్తిగా కట్టలేమని చేతులెత్తేశారు. 1881లో అప్పిచ్చిన యూరప్ వాళ్ల ప్రతినిధులతో ఋణాల సంస్థ ఒకటి ఏర్పడి ఉప్పు, పొగాకు, పట్టు, సారా, చేపలు, స్టాంపుల మీద వచ్చే పన్నులను నేరుగా వసూలు చేసుకోవడం మొదలుపెట్టింది. సామ్రాజ్యం పోయింది, సుల్తాన్లు పోయారు, అప్పు పోలేదు. టర్కీ రిపబ్లిక్ తన వాటా చివరి వాయిదా కట్టింది 1954లో.

ఇది రాసి బ్యాంకులో పనిచేసే మా చిన్నాన్న కొడుక్కి పంపించాను. వాడు వెంటనే ఫోన్ చేశాడు. "అక్కా, నువ్వు తప్పు చెప్తున్నావ్. 1854 లోన్ క్రిమియా యుద్ధం కోసం. ప్యాలెస్ కోసం కాదు. రెండూ ఒకే టైమ్‌లో జరిగాయని ముడిపెట్టేస్తే ఎలా?" వాడన్నది నిజమే. రష్యాతో యుద్ధం లేకపోతే ఆ అప్పు అప్పుడు పుట్టేది కాదు. 1875 నాటికి పేరుకుపోయిన బాకీలో రైళ్లున్నాయి, యుద్ధనౌకలున్నాయి, తర్వాతి సుల్తాన్లు కట్టిన ఇంకొన్ని భవనాలున్నాయి. దివాలాకి కారణం ఈ షాండ్లియర్ అంటే అది గైడు చెప్పిన కానుక కథ అంత అబద్ధమే అవుతుంది.

కానీ నా వాదన అది కాదని వాడికి సరిగ్గా చెప్పలేకపోయాను. యుద్ధానికి చేతిలో డబ్బు లేని ఇంట్లో, అదే రోజుల్లో పైకప్పులకు బంగారం పూత సాగుతోంది. ఈ రెండూ ఒకే ఖజానా చూసిన సంగతులు. వాటిని పక్కపక్కన పెట్టి చూపిస్తే చాలు, ఏది దేనికి కారణమో చూసేవాళ్లు తేల్చుకుంటారు.

సుల్తాన్ వైపు నుంచి చెప్పాల్సింది కూడా ఉంది. తోప్‌కాపి అప్పటికి నాలుగు వందల ఏళ్ల నాటి ఇల్లు. యూరప్ రాయబారుల కళ్లకు అది పాతకాలపు కొంప. మీతో సమానంగా మేమూ ఆధునికులమే అని చూపించుకోకపోతే వాళ్లు దేశాన్ని పంచుకుతినేస్తారన్న భయం ఉత్తుత్తి భయమేమీ కాదు. మగపెళ్లివారి ముందు తలెత్తుకోవాలని ఉన్న ఎకరం తాకట్టు పెట్టి ఫంక్షన్ హాల్ బుక్ చేసే తండ్రిని నేను చూశాను. ఆయన్ని తెలివితక్కువవాడని అనలేను. కానీ ఆ పెళ్లి వీడియోలో తాకట్టు కాగితం ఉండదు.

ఆ ఋణాల సంస్థ భవనం ఇప్పటికీ ఉంది. పాత నగరంలో, జాలోలు ప్రాంతంలో, 1897లో కట్టిన పెద్ద కట్టడం. మూడో రోజు అమ్మను హమామ్ ఎదుట బెంచీ మీద కూర్చోబెట్టి నేనొక్కదాన్నే వెతుక్కుంటూ వెళ్లాను. అదిప్పుడు మ్యూజియం కాదు, హైస్కూల్. గేటు దగ్గర వాచ్‌మన్ లోపలికి పోనివ్వలేదు. పిల్లలు బ్యాగులు ఊపుకుంటూ బయటికొస్తున్నారు. బడిగా మారడం మంచి సంగతే, నాకు ఫిర్యాదు లేదు. అయితే అప్పుల రోజుల్లో కట్టిన ఇంటికి టికెట్ కొని వెళ్లి చూశాను, అప్పు వసూలు చేసిన ఇంటిని గేటు బయట నుంచి చూశాను.

ఒకే చట్టం, రెండు గదులు

డోల్మబాచెలో జనం ఎక్కువగా ఆగే చోటు షాండ్లియర్ కాదు, ఒక పడకగది. 1938 నవంబర్ 10న పొద్దున 9:05కి టర్కీ రిపబ్లిక్ స్థాపకుడు అతాతుర్క్ కన్నుమూసిన గది. మంచం మీద ఎర్ర జెండా పరిచి ఉంది, పక్కన గడియారం 9:05 దగ్గరే ఆగి ఉంది. నా ముందున్న టర్కిష్ పెద్దావిడ కళ్లు తుడుచుకుంది. బంగారం ముందు గలగలా మాట్లాడుకున్న వాళ్లంతా అక్కడ గుసగుసలకు దిగిపోయారు. ఆ ఇంట్లో అన్నిటికన్నా తక్కువ ఆడంబరం ఉన్న గదికి అంత బలం ఎలా వచ్చిందా అనుకున్నాను.

నేను వెతుకుతున్న గది వేరే. 1924 మార్చి 3న అంకారాలో పార్లమెంటు ఒక చట్టం చేసింది. ఖలీఫా (ముస్లింల మతపెద్ద) పదవి రద్దు, ఒట్టమన్ వంశంవాళ్లందరికీ దేశ బహిష్కారం, భవనాలన్నీ ప్రజల సొత్తు. మూడూ ఆ ఒక్క చట్టంలోనే. ఈ ఇల్లు జనానిది అయిన రోజూ, ఇంట్లోవాళ్లు వెళ్లగొట్టబడిన రోజూ ఒకటే. ఆ రాత్రి ఈ ఇంట్లో ఉన్నది చివరి ఖలీఫా రెండో అబ్దుల్ మెజీద్. మంచి చిత్రకారుడు. ఆయన పుస్తకాల గది ఇప్పటికీ ప్యాలెస్‌లో ఉంది. తెల్లవారకముందే కుటుంబాన్ని కార్లలో ఎక్కించి, జనం గుమిగూడతారని సిర్కెజి స్టేషన్‌కి కాకుండా ఊరికి దూరంగా చతల్జా స్టేషన్‌కి తీసుకెళ్లి రైలెక్కించారు. వాళ్లలో పదేళ్ల పాప ఉంది. పేరు దుర్రు షెహ్వార్.

ఆ పేరు చెప్పగానే అమ్మ నా వైపు తిరిగింది. "దుర్రు షెహ్వార్ అంటే... పురానీ హవేలీల దవాఖానా?"

"ఆ దవాఖానా ఈమె పేరు మీదే అమ్మా."

"గీడ పుట్టిందా గామె!"

1931 నవంబర్‌లో, ఫ్రాన్స్‌లోని నీస్‌లో, ఏడో నిజాం పెద్ద కొడుకు ఆజం జాతో దుర్రు షెహ్వార్‌కి, రెండో కొడుకు మొఅజ్జం జాతో ఆమె బంధువు నీలోఫర్‌కి పెళ్లిళ్లయ్యాయి. అంతకు ముందు నుంచే నిజాం ఆ ఖలీఫాకి నెలకు 300 పౌండ్ల భత్యం పంపిస్తున్నాడు. ఇల్లూ దేశం పోయిన మనిషికి ఆసరా. నాకు ఆ సాయం మీద కోపం లేదు. కానీ అమ్మ ప్రశ్న అక్కడ కూడా నా వెంటబడింది. పైసలు ఎవలియి? నిజాం డబ్బు అంటే మెదక్‌లో, నల్లగొండలో, ఔరంగాబాద్‌లో శిస్తు కట్టిన వాళ్ల డబ్బు.

ఇక్కడ నేను కొంచెం తడబడతాను, ఎందుకంటే నేను పుట్టింది నీలోఫర్ దవాఖానాలో. నీలోఫర్ దగ్గర పనిచేసే ఆమె కాన్పులో చనిపోతే, ఇంకెవరికీ అలా జరగకూడదని ఆమె పట్టుబట్టి మొదలుపెట్టించిన ఆసుపత్రి, 1953లో తెరిచారు. అమ్మకు నేను కష్టమైన కాన్పు. కాబట్టి రాజభవనాల ఖాతాలో ఖర్చులే కాకుండా జమ వైపు కూడా పద్దులున్నాయి, ఒక పద్దులో నేనున్నాను. బిల్లు చూపించాలంటే రెండు వైపులా చూపించాలి. నాకు ఇష్టమైన వైపు ఒక్కటే చూపించి తీర్పు చెప్పమంటే అది ఇంకో రకం గైడు కథ.

మన ఝూమర్ల సంగతి

పరాయి దేశం వెళ్లి వాళ్ల సుల్తాన్ లెక్కలు అడగడం సులువే. హైదరాబాద్‌లో నిజాంల చౌమహల్లా ప్యాలెస్‌లో, ఖిల్వత్ ముబారక్ హాల్లో 19 బెల్జియం షాండ్లియర్లు వెలుగుతుంటే నేనెప్పుడైనా అడిగానా? ఎన్నిసార్లు వెళ్లానో లెక్కలేదు. బయటి నుంచి చుట్టాలు వచ్చిన ప్రతిసారీ తీసుకెళ్లి, నా సొంత ఇల్లు చూపిస్తున్నంత సంబరంగా చూపించాను. ఆ షాండ్లియర్ల కింద నిలబడి ఫొటో దిగడం తప్ప ఇంకేం చేశాను? ఫలక్‌నుమా కట్టించిన వికారుల్ ఉమ్రా అప్పుల్లో మునిగిపోయి చివరికి దాన్ని ఆరో నిజాంకి అప్పగించాల్సి వచ్చిందన్న కథ హైదరాబాద్‌లో అందరూ చెప్పుకుంటారు. కానీ దాన్ని సరదా కథలా చెప్పుకుంటాం. నవాబుల దర్జా అంటే అదీ అని నవ్వుకుంటాం. ఆ ఇల్లు ఇప్పుడు పెద్ద హోటల్, టీ తాగడానికి కూడా ముందే బుక్ చేసుకోవాలి.

ఇంకో అనుమానం కూడా ఉంది. నేను కోరినట్టే రసీదు ఆ హాల్లో అద్దాల పెట్టెలో ఉండి ఉంటే అమ్మ దాన్ని చూసేదా? చూసేది కాదనుకుంటాను. ఒక పాత కాగితం ముందు ఎవరాగుతారు, తలపైన 750 దీపాలుంటే? క్రిస్టల్ మెట్ల దగ్గర ఆమె ముఖం నాకింకా గుర్తుంది. ఆ గాజు కమ్మీలను ఒక్కసారి ముట్టుకోబోయింది. గార్డు వేలు ఆడించాడు. ఆమె చిన్నపిల్లలా చెయ్యి వెనక్కి తీసుకుని నవ్వింది, అతనూ నవ్వాడు. లోపల ఫొటోలు తీయనివ్వలేదు గనక, బయట సముద్రం గేటు దగ్గర కూర్చుని మా పిన్నికి వీడియో కాల్ చేసి అంతా నోటితోనే వర్ణించింది. చెయ్యి తిప్పుతూ, "గింత లావు బంగారం పూసిన్రు చెల్లే" అని. ఆ సంతోషం మీద నీళ్లు చల్లడానికి నేనెవర్ని?

అయినా ప్రశ్న వేసింది నేను కాదు, అమ్మే. ఆ దీపాలను నోరు తెరుచుకుని చూసిన మనిషే మర్నాడు పొద్దున డబ్బు ఎవరిదని అడిగింది. అందం చూడటానికీ లెక్క అడగడానికీ ఆమెకు అడ్డేం రాలేదు. టికెట్ కొన్నవాళ్లు లెక్కలు చూసి బెదిరిపోతారని మ్యూజియంవాళ్లు అనుకుంటే, ఆ భయం వాళ్లదేగానీ చూసేవాళ్లది కాదు.

హైదరాబాద్ చేరాక వారానికి అమ్మ ఊరికెళ్లి, భువనగిరి దగ్గర మా పాత ఇంట్లో ఇనప పెట్టె తీయించింది. అందులో మా ముత్తాత నాటి ఉర్దూ కాగితాలు ఉన్నాయని తెలుసుగానీ ఎవరికీ చదవడం రాదు. ఉర్దూ మీడియంలో చదువుకున్న పక్కింటి పెద్దాయన్ని పిలిచింది. ఆయన కళ్లద్దాలు పైకీ కిందికీ జరుపుకుంటూ, ఇది శిస్తు రసీదు అన్నాడు. 1346 ఫస్లీ, అంటే 1936-37. అప్పటికి ఖలీఫా ఫ్రాన్స్‌లో ఉన్నాడు. మా ఊరి శిస్తు సర్కారు ఖజానాకి పోయేదా, నిజాం సొంత జాగీరు ఖాతాకి పోయేదా అని నేనడిగితే పెద్దాయన ఆ సంగతి ఇందులో లేదన్నాడు. కాబట్టి మా ముత్తాత రూపాయల్లో ఒక్క పైసా అయినా నీస్ దాకా వెళ్లిందని నేను చెప్పలేను.

"ఎంత కట్టిండట?" అమ్మ అడిగింది.

"పదకొండు రూపాయల ఆరణాలు. హాలీ సిక్కా, అంటే నిజాం నాణెం."

"పేరుందా?"

పెద్దాయన కాగితాన్ని వెలుతురుకు పట్టి చూశాడు. "ఉంది గానీ, పట్వారీ తప్పు రాసిండు. మల్లయ్య బదులు ఎల్లయ్య అని పెట్టిండు."

అమ్మ ఆ కాగితం తీసుకుని, ఉన్న మడతల్లోనే మళ్లీ మడిచి, ప్లాస్టిక్ కవర్లో పెట్టింది.